మా చెల్లి పలక పలకట్లేదు!

2025 సంక్రాంతికి బెంగళూరు నుంచి ఊరికి వస్తున్నా. రైలు నంద్యాల దాటి నల్లమలలోకి రాగానే ఫోన్‌లో సిగ్నల్ పోయింది. దిగువమెట్ట దాటాక మళ్లీ వచ్చింది. వచ్చీ రాగానే చిన్నాయన నంబర్ నుంచి వరసగా నాలుగు మెసేజ్‌లు. నాలుగూ రాసింది ఆయన కూతురే. "అన్నా, ఎక్కడున్నావ్?", "అన్నా, ల్యాప్‌టాప్ తెస్తున్నావా?", "అన్నా, ట్యాబ్ పోయింది", "నాన్నకు చెప్పొద్దు". చివరి మెసేజ్ నాన్న ఫోన్ నుంచే పంపిందన్న సంగతి తనకు తట్టలేదు!

గిద్దలూరులో ఇంటికి చేరి బ్యాగు దించకముందే ట్యాబ్ తెచ్చి చేతిలో పెట్టింది. "మూడు రోజుల నుంచి పలకట్లా అన్నా" అంది.

స్విచ్ నొక్కితే కంపెనీ పేరు వస్తుంది. కాసేపు వెలుగుతుంది, ఆరిపోతుంది. మళ్లీ అదే పేరు. దీన్ని బూట్‌లూప్ అంటారు. ఏం జరిగిందని అడిగితే అసలు విషయం బయటపడింది. సిస్టమ్ అప్‌డేట్ వస్తే నొక్కింది. ఎంతసేపటికీ శాతం అంకె కదల్లేదు. ఆగిపోయిందేమో అనుకుని తమ్ముడు పవర్ బటన్ గట్టిగా పట్టుకున్నాడు. అంతే.

చెల్లి ఇంటర్ సెకండ్ ఇయర్, బైపీసీ. మార్కాపురంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఆ తర్వాత నీట్. బోర్డు మీద సార్లు గీసిన బొమ్మల ఫొటోలు, తను రాసి స్కాన్ చేసుకున్న రెండేళ్ల నోట్సు, అన్నీ దాంట్లోనే ఉన్నాయి. బ్యాకప్ ఉందా అంటే "అంటే ఏంది?" అన్నట్టు చూసింది.

అప్పటికే బజార్లో ఒక సెల్ షాపులో చూపించిందట. "ఫార్మాట్ కొట్టాలమ్మా. లోపలుండేదంతా పోతుంది, పర్లేదా?" అని అడిగాడట ఆయన. తను వెనక్కి తెచ్చేసుకుంది. అడక్కుండా కొట్టేసే వాళ్లూ ఉంటారు. ఆయన అడిగాడు కాబట్టే ఈ కథ ఇక్కడిదాకా వచ్చింది.

భోజనాలయ్యాక చిన్నాయన నన్ను వరండాలోకి పిలిచాడు. "దాంట్లో మీ జేజి వీడియో ఒకటుంది రా. పోయిన ఉగాదికి తీసింది. అదొక్కటన్నా వస్తాదా?"

జేజి ఆగస్టులో పోయింది. ఆ వీడియోలో జొన్నరొట్టె తడుతూ, ఫోన్ పక్కన పెట్టమని చెల్లిని తిడుతూ ఉంటుంది. నాలుగు నిమిషాలు. ఇంట్లో ఇంకెవరి దగ్గరా జేజి గొంతు లేదు.

తుడిస్తే పోయేది, పగిలితే పోయేది

మాది పలకల సీమ. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దని తెలుగు పిల్లలు ఒకప్పుడు తక్కువ. ఇక్కడి గనుల్లో రాయి తీసి, పొరలుగా చీల్చి, సాపు చేసి, చెక్క ఫ్రేము కట్టి ఊరూరికీ పంపేవాళ్లు. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ తగ్గిపోయింది. మా వైపు పెద్దవాళ్లు కొందరు ట్యాబ్‌ని ఇప్పటికీ పలకనే అంటారు.

రాతి పలక పగిలితే అతకదు. తుడిస్తే మాత్రం ఏం కాదు, మళ్లీ రాసుకోవచ్చు. ట్యాబ్ దీనికి రివర్స్. పూర్తిగా పోయినట్టు కనిపించినా చాలాసార్లు లోపల అంతా బాగానే ఉంటుంది. కానీ తుడిచేస్తే మాత్రం ఇక రాదు.

ఎందుకు రాదో చెప్తాను. ట్యాబ్ లోపల మన ఫొటోలు, ఫైళ్లు ఉండే చోటు వేరు, ట్యాబ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఉండే చోటు వేరు. రెండోదాన్నే ఫర్మ్‌వేర్ అంటున్నాం. అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే పాడయ్యేది మామూలుగా ఈ రెండోదే. సగం కొత్తది, సగం పాతది కలిసిపోయి ఆన్ అవ్వడానికి మొరాయిస్తుంది. మన ఫైళ్లు పక్క గదిలో భద్రంగానే ఉంటాయి.

అలాగని చిప్ ఊడదీసి ఫొటోలు బయటికి లాగుదామంటే కుదరదు. ఇప్పటి ఆండ్రాయిడ్ డివైజ్‌లలో డేటా మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దాని తాళంచెవి ఆ ట్యాబ్ ప్రాసెసర్‌తోనే ముడిపడి ఉంటుంది. అంటే ట్యాబ్ తనంతట తాను మామూలుగా ఆన్ అయి, మనం పిన్ కొడితేనే ఆ గది తలుపు తెరుచుకుంటుంది. కాబట్టి నా ముందున్న దారి ఒక్కటే. డేటా గది జోలికి పోకుండా, కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ ఒక్కటే మళ్లీ ఎక్కించాలి.

నా చేత్తో పోగొట్టినవి

చెప్పడానికి తేలికే గానీ నా చేతులు వణికాయి. దానికో కారణం ఉంది. బీటెక్ రెండో ఏడాదిలో మా రూమ్మేట్ ఫోన్ ఇలాగే ఆగిపోయింది. వీడియోలు చూసి నేర్చుకున్న ఊపులో "నేను చేస్తా" అని కూర్చున్నా. పది నిమిషాల్లో ఫోన్ ఆన్ అయింది. రూమంతా చప్పట్లు. తర్వాత గ్యాలరీ తెరిస్తే ఖాళీ. వాళ్ల అక్క పెళ్లి ఫొటోలన్నీ పోయాయి. ఒక్క ఫైల్ తప్పుగా ఎంచుకున్నాను. వాడు ఏమీ అనలేదు. అందుకే ఇంకా గుర్తుంది.

ఆ ఫైల్ సంగతి ఇప్పుడు చెప్తాను, మీకు పనికొస్తుంది. సామ్‌సంగ్ ఫోన్లు, ట్యాబ్‌ల ఫర్మ్‌వేర్ విప్పితే లోపల ఐదు ఫైళ్లు ఉంటాయి. బీఎల్ అంటే బూట్‌లోడర్, స్విచ్ నొక్కగానే మొదట లేచేది ఇదే. ఏపీ అంటే అసలు ఆండ్రాయిడ్ సిస్టమ్, అన్నిట్లోకీ పెద్దది. సీపీ అంటే సిమ్ నెట్‌వర్క్‌కి సంబంధించింది. వైఫై మాత్రమే ఉన్న ట్యాబ్‌లకు ఇది ఉండదు. మిగిలిన రెండూ సీఎస్‌సీ, హోమ్ సీఎస్‌సీ. రెండూ దేశానికి, నెట్‌వర్క్‌కి తగ్గ సెట్టింగులే. కానీ సీఎస్‌సీ ఎంచుకుంటే డేటా మొత్తం తుడిచి కొత్తగా మొదలుపెడుతుంది. హోమ్ సీఎస్‌సీ ఎంచుకుంటే డేటాని ముట్టుకోదు. ఐదింటిలో నాలుగే పెట్టాలి. నాలుగోది ఏదన్నదే అసలు ప్రశ్న. ఆ రోజు హాస్టల్లో నేను పెట్టింది సీఎస్‌సీ.

ముందు చిన్న మందులు

పెద్ద ఆపరేషన్‌కి ముందు చిన్న మందులు వాడి చూడాలి. వాల్యూమ్ డౌన్, పవర్ బటన్లు కలిపి పది సెకన్లు పట్టుకుంటే బలవంతంగా రీస్టార్ట్ అవుతుంది. చేశాను, మళ్లీ అదే లూప్.

తర్వాత రికవరీ మోడ్. వాల్యూమ్ అప్, పవర్ కలిపి పట్టుకోవాలి. ఆండ్రాయిడ్ 11 తర్వాత వచ్చిన సామ్‌సంగ్ డివైజ్‌లలో కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి ఉంచితేనే ఈ మెనూ వస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది బటన్లు చెడిపోయాయనుకుంటారు. మెనూలో 'వైప్ క్యాష్ పార్టిషన్' అని ఉంటుంది. దాంతో తాత్కాలిక ఫైళ్లు మాత్రమే పోతాయి, మనవి పోవు. దాని పక్కనే 'వైప్ డేటా, ఫ్యాక్టరీ రీసెట్' ఉంటుంది. ఒక్క గీత కిందా మీదా అయితే అంతా పోయినట్టే. చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, స్క్రీన్ మీద ఉన్న ప్రతి లైనూ పైకి చదివించి మరీ నొక్కాను. క్యాష్ పోయింది గానీ లూప్ పోలేదు.

ఇక డౌన్‌లోడ్ మోడ్. ట్యాబ్ ఆఫ్‌లో ఉండగా రెండు వాల్యూమ్ బటన్లూ పట్టుకుని కంప్యూటర్‌కి కలిపిన కేబుల్ గుచ్చాలి. హెచ్చరిక వస్తుంది, వాల్యూమ్ అప్ నొక్కితే లోపలికి పోతాం. వచ్చింది. హమ్మయ్య అనుకున్నా. డౌన్‌లోడ్ మోడ్ వచ్చిందంటే ప్రాణం ఉన్నట్టే.

కేబుల్ చేసిన మోసం

సామ్‌సంగ్ వాటికి వాడే టూల్ పేరు ఓడిన్. కంపెనీ తన సర్వీస్ వాళ్ల కోసం చేసుకుంది. మనకోసం విడుదల చేసింది కాదు, కానీ ఏళ్లుగా బయట తిరుగుతోంది. అందుకే దాని పేరు చెప్పి వైరస్‌లు అంటగట్టే సైట్లు కూడా బోలెడు ఉన్నాయి. నా దగ్గర పాత కాపీ ఉంది. యూఎస్‌బీ డ్రైవర్ వేశాను. ట్యాబ్ కలిపితే ఓడిన్‌లో ఒక చిన్న గడి నీలంగా మారాలి, కింద 'యాడెడ్' అని రావాలి. రాలేదు.

పోర్టు మార్చాను. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను. గంట గడిచింది. చివరికి చూస్తే తప్పు కేబుల్‌ది. బజార్లో దొరికే చవక కేబుళ్లలో కొన్ని ఛార్జింగ్‌కి మాత్రమే. డేటా వెళ్లే తీగలే లోపల ఉండవు. ట్యాబ్‌తో పాటు డబ్బాలో వచ్చిన కేబుల్ ఎక్కడుందంటే, చిన్నమ్మ దాన్ని బీరువాలో చీరల కింద జాగ్రత్తగా దాచింది. అది గుచ్చగానే నీలం వెలిగింది.

ఫర్మ్‌వేర్ కోసం ఊళ్లో ఉన్న నా స్నేహితుడిని అడిగితే, అదే మోడల్‌ది తన దగ్గరుందని పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. నాలుగు ఫైళ్లూ పెట్టాం. నాలుగోది హోమ్ సీఎస్‌సీయేనా అని మూడుసార్లు చూశా. 'రీ పార్టిషన్' అనే ఆప్షన్‌కి టిక్ లేదని చూశా. స్టార్ట్ నొక్కా.

ఐదు సెకన్లలో ఎర్రగా 'ఫెయిల్'. ట్యాబ్ మీద కూడా ఎర్ర అక్షరాలు. చెల్లి మొహం పాలిపోయింది.

అక్షరాలు చదివితే ప్రాణం కుదుటపడింది. ట్యాబ్‌లో ఉన్న వెర్షన్ 5, నువ్వు పెడుతున్నది 4 అంటోంది. పాత ఫర్మ్‌వేర్‌లలో భద్రతా లోపాలు ఉంటాయి కాబట్టి, బూట్‌లోడర్ ఒకసారి ముందుకు వెళ్లాక వెనక్కి రానివ్వరు. ఫర్మ్‌వేర్ పేరులో చివరి నుంచి ఐదో అక్షరం చూస్తే ఈ అంకె తెలుస్తుంది. అలాగే చివరి నుంచి మూడోది ఏడాది, రెండోది నెల. ఎక్స్ అంటే 2024, ఎల్ అంటే డిసెంబరు. మా వాడు తెచ్చింది రెండేళ్ల కిందటిది. లోపల ఒక్క ముక్క కూడా రాయకముందే ట్యాబ్ తలుపేసింది. మంచిదే చేసింది.

రాత్రి పన్నెండు దాకా

కొత్తది దించుకోవాలంటే 4 జీబీ పైమాటే. మా ఇంట్లో వైఫై లేదు. నా ప్యాక్ రోజుకి 2 జీబీ, చిన్నాయనది ఒకటిన్నర. నా ఫోన్ హాట్‌స్పాట్ అయిపోగానే ఆయనది పెట్టాం. అదీ అయిపోయింది. రాత్రి పన్నెండు దాటితే కోటా మళ్లీ మొదలవుతుంది. అప్పటిదాకా ఇంటిల్లిపాదీ మేలుకునే ఉన్నారు. చిన్నమ్మ అరిసెల పిండి పని పెట్టుకుంది. పన్నెండూ ఐదుకి డౌన్‌లోడ్ మళ్లీ కదిలింది. రెండు కావస్తుండగా పూర్తయింది.

మోడల్ నంబర్‌ను ట్యాబ్ వెనక ఉన్నదాంతో అక్షరం అక్షరం పోల్చాను. ఒకే పేరుతో అమ్మే ట్యాబ్‌లోనే వైఫైది ఒక నంబర్, సిమ్‌ది ఒక నంబర్ ఉంటుంది. ఒకదానిది ఇంకొకదానికి పెట్టకూడదు. ట్యాబ్ ఛార్జింగ్ సగానికి పైగా ఉంది. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ ఆగకుండా బ్యాటరీ నిండా ఎక్కించి పెట్టా. కేబుల్ దగ్గరికి ఎవరూ రావొద్దని చెప్పా. తమ్ముడు తనంతట తానే గది బయటికి వెళ్లి నిలబడ్డాడు.

స్టార్ట్. ఈసారి ఆగలేదు. ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే కిందికి జారుతున్నాయి. ఏపీ ఫైల్ దగ్గర చాలాసేపు నిలబడింది. కదలట్లేదనిపించినా ముట్టుకోలేదు. ఈ గొడవంతా మొదలైంది అలాంటి క్షణంలోనే కదా! ఏడెనిమిది నిమిషాలకి పచ్చగా 'పాస్' పడింది. ట్యాబ్ దానంతట అదే రీస్టార్ట్ అయింది. కంపెనీ పేరు వచ్చింది. అక్కడే ఉంది. పది నిమిషాలు. ఫర్మ్‌వేర్ ఎక్కించాక మొదటిసారి ఆన్ అవ్వడానికి అంత టైమ్ పట్టడం మామూలే. ఆ సంగతి తెలిసిన నాకే ఆ పది నిమిషాలు గడవలేదు.

తర్వాత లాక్‌స్క్రీన్ వచ్చింది. వాల్‌పేపర్ చెల్లి పెట్టుకున్నదే. కొత్త ట్యాబ్‌లా 'వెల్‌కమ్' అనకుండా పాత పిన్ అడిగింది. అంటే డేటా ఉంది. పిన్ కొట్టింది. నేను నోట్సు చూడమన్నా. తను ముందు గ్యాలరీ తెరిచింది.

జేజి గొంతు వినగానే చిన్నాయన లేచి లోపలికి వచ్చాడు. నాలుగు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. అది అయ్యాక "దాన్ని ఇంకెక్కడన్నా కూడా పెట్టు రా" అన్నాడు. అప్పటికప్పుడు నా ల్యాప్‌టాప్‌లోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించా. మిగిలిన ఫొటోలు, నోట్సు పొద్దున్నే గూగుల్ డ్రైవ్‌లోకి పోయాయి. బ్యాకప్ అంటే ఏందో చెల్లికి ఇప్పుడు వివరించక్కర్లేదు.

"లాక్ తీసెయ్ అన్నా"

కనుమ రోజుకి మా వీధంతా పాకిపోయింది. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. వాడిది బడిలో ఇచ్చింది.

మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పిల్లలకు ట్యాబ్‌లు ఇవ్వడం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలైంది. ఆ ఏడాది ఎనిమిదో తరగతి చదువుతున్న 4,59,564 మందికి, 59,176 మంది టీచర్లకు, మొత్తం 5,18,740 ట్యాబ్‌లు. మరుసటి ఏడాది డిసెంబరులో మళ్లీ ఎనిమిదో తరగతి వాళ్లకు ఇచ్చారు. మావాడికి వచ్చింది అప్పుడే.

వాడి ట్యాబ్ బాగానే పనిచేస్తోంది. "మా అక్కకి చేసినట్టు చేసి, లాక్ తీసెయ్ అన్నా. ఫ్రీ ఫైర్ వేసుకోవాలి" అన్నాడు. పిల్లాడి నిజాయితీకి నవ్వొచ్చింది.

ఆ ట్యాబ్‌లలో చదువుకి సంబంధించినవి తప్ప వేరేవి రాకుండా ఎండీఎం అనే తాళం వేస్తారు. ఇలాంటి తాళంలో ట్యాబ్ నంబర్ సర్వర్‌లో నమోదై ఉంటుంది. ఫర్మ్‌వేర్ ఎన్నిసార్లు కొత్తది ఎక్కించినా, ఇంటర్నెట్‌కి కలవగానే సర్వర్ గుర్తుపట్టి మళ్లీ తాళం వేస్తుంది. పైగా ఉన్న పాఠాలు పోవచ్చు. ఇంత డబ్బు ఇస్తే అన్‌లాక్ చేస్తామనే వాళ్లు కంపెనీవి కాని ఫైళ్లు తోస్తారు. దాంతో వారంటీ పోతుంది, ట్యాబ్ లోపల ఏం తిరుగుతోందో ఎవరికీ తెలియదు. అసలు అది మనది కాదు, బడి మనల్ని నమ్మి ఇచ్చింది. చెడిపోతే హెడ్‌మాస్టర్‌కి చూపించు, నాకు కాదు అని చెప్పా. వాడు అలిగి వెళ్లాడు. సాయంత్రం వాళ్లమ్మ మాత్రం అరిసెలు పంపించింది.

మీది వేరే కంపెనీ అయితే

దారి ఒకటే, బండ్లు వేరు. ఐప్యాడ్ అయితే మ్యాక్‌లో ఫైండర్, విండోస్‌లో ఐట్యూన్స్ లేదా యాపిల్ డివైజెస్ యాప్ వాడాలి. రికవరీ మోడ్‌లో కలిపితే 'అప్‌డేట్', 'రిస్టోర్' అని రెండు బటన్లు వస్తాయి. అప్‌డేట్ డేటాని ఉంచి ప్రయత్నిస్తుంది, రిస్టోర్ తుడిచేస్తుంది. మొదట నొక్కాల్సింది అప్‌డేట్. లెనోవో వాటికి ఆ కంపెనీయే ఇచ్చే రెస్క్యూ సాఫ్ట్‌వేర్ ఉంది. గూగుల్ పిక్సెల్ అయితే క్రోమ్ బ్రౌజర్ నుంచే ఫ్లాష్ చేసే సదుపాయం గూగుల్ ఇచ్చింది, కానీ దానికి ముందు బూట్‌లోడర్ అన్‌లాక్ అయి ఉండాలి. ఆ అన్‌లాక్ చేస్తే డేటా పోతుంది.

పిక్సెల్ ఫోన్లలో 2016 నుంచి సిస్టమ్ రెండు కాపీలుగా ఉంటోంది. ఒకటి నడుస్తుండగా రెండోదాంట్లో అప్‌డేట్ ఎక్కుతుంది. చెడితే పాతదాంతో లేస్తుంది. ఇలాంటి ఏర్పాటు ఉన్న డివైజ్‌లకు మా తమ్ముడి లాంటి వాళ్ల భయం తక్కువ.

చేసే ముందు ఒక్కసారి చూసుకోండి

• వారంటీ ఉంటే ముందు సర్వీస్ సెంటరే. మాకు ఒంగోలు నూరు కిలోమీటర్లకు పైనే అయినా అదే మొదటి మాట. అయితే ఇచ్చేముందు "డేటా ఉంచుతారా, తుడుస్తారా?" అని అడగండి.

• మీ గూగుల్ అకౌంట్, పాస్‌వర్డ్ గుర్తున్నాయో లేదో చూసుకోండి. రీసెట్ అయితే ఆన్ అవ్వగానే పాత అకౌంటే అడుగుతుంది. లేకపోతే లోపలికి పోలేరు.

• మోడల్ నంబర్, బూట్‌లోడర్ అంకె రెండూ సరిపోవాలి. కంపెనీ ఫర్మ్‌వేర్ తప్ప వేరేది పెట్టొద్దు.

• హోమ్ సీఎస్‌సీ పెట్టినా డేటా ఉంటుందని నూటికి నూరు శాతం హామీ లేదు. స్టోరేజ్ చిప్ దెబ్బతింటే ఏ ఫైలూ కాపాడదు.

• అప్‌డేట్ ఎంత ఆలస్యమైనా పవర్ బటన్ ముట్టుకోవద్దు. కనీసం అరగంట ఓపిక పట్టండి.

తిరిగి బెంగళూరు బయల్దేరే రోజు చిన్నాయన ఒక పొట్లం ఇచ్చాడు. విప్పితే మార్కాపురం రాతి పలక, నా చిన్నప్పటిది. ఒక మూల చిట్లింది. వెనకాల చెక్క మీద నా పేరు, జేజి చెప్తుంటే నాన్న మేకుతో గీసింది, ఇంకా ఉంది. దానికి బ్యాకప్ అక్కర్లేదు. మిగిలినవాటికి మాత్రం ఈ రాత్రే తీసుకోండి.